డీజిల్ కార్లు తయారుచేసే కంపెనీలకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ: ఆ ట్యాంకు మూతి సంగతి చూడండి

డీజిల్ కార్లు డిజైన్ చేసే ఇంజినీర్లకి, ఆ డిజైన్లకి సరే అని సంతకం పెట్టే పెద్దలకి,

నమస్కారమండీ. నేను డీజిల్ మెకానిక్‌ని. పంపులు, ఇంజెక్టర్లు, లైన్లు, ట్యాంకులు, చాలా ఏళ్లుగా నా చేతులు తిరిగేది వీటి మీదే. మీలో ఎవరికీ నేను తెలియదు కానీ మీ బండ్లు మాత్రం నాకు లోపల బోల్టుతో సహా తెలుసు, ఆ చనువుతోనే రాస్తున్నా.

పోయిన వారం ఒకాయన బండిని టో చేసుకుని మా షెడ్డుకి తెచ్చారు. బండి ఆయనది కాదు, బావమరిదిది. ఈయన ఇంట్లో ఉన్నది పెట్రోల్ బండి, ఏళ్ల తరబడి అదే నడుపుతున్నాడు, ఆ రోజు ఏదో అవసరం పడి బావమరిది డీజిల్ కారు తీసుకుని బయల్దేరాడు, దారిలో పంపు దగ్గర ఆగితే చెయ్యి అలవాటు కొద్దీ పెట్రోల్ నాజిల్ మీదకే పోయింది. 38 లీటర్లు పట్టించాడు. పంపులు మామూలుగా నిమిషానికి 35, 40 లీటర్ల దాకా పోసేస్తాయి కాబట్టి ఇదంతా ఒక్క నిమిషంలో ఐపోయింది, ఇదేంటి ఏదో తేడాగా ఉందే అని అనుకునే టైమ్ కూడా మనిషికి దొరకదు. మూత బిగించి స్టార్ట్ చేస్తే బండి మామూలుగానే స్టార్ట్ అయింది, ఎందుకంటే ఫిల్టర్లో, లైన్లలో పాత డీజిల్ ఇంకా మిగిలి ఉంది. అది కాస్తా అయిపోయాక పికప్ పడిపోయింది, ఇంజిన్ టకటకా కొట్టడం మొదలెట్టింది, రోడ్డు పక్కన ఆగిపోయింది. ఆగిపోయాక ఆయన ఏం చేశాడంటే ఎవరైనా చేసేదే చేశాడు, సెల్ఫ్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు, బ్యాటరీ దిగిపోయేదాకా కొడుతూనే ఉన్నాడు.

నేను ఫిల్టర్ విప్పి లోపల కాగితం కోసి చూశాను. మడతల్లో వెండి పొడి చల్లినట్టు రజను మెరుస్తోంది. ఆ రజను కనపడిందంటే ఇక హై ప్రెషర్ పంపు, రైలు (పంపు నుంచి వచ్చిన డీజిల్‌ని ప్రెషర్‌తో నిలవ ఉంచి ఇంజెక్టర్లకి పంచే గొట్టం), డీజిల్‌ని ఇంజిన్లోకి చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు, లైన్లు అన్నీ మార్చాలి, ట్యాంకు దించి కడగాలి, ఎందుకంటే మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ లైన్లో ఆ పొడి తిరిగి ట్యాంకులోకే పోయి ఉంటుంది, ఒక్కటి వదిలేసినా కొత్తగా వేసిన సామాన్ని కూడా అదే తినేస్తుంది. ఈ మాట ఆయనకి చెప్పినప్పుడు షెడ్డు బయట కుర్చీలో తల పట్టుకుని కూర్చుండిపోయాడు. చాలాసేపటికి ఒక మాట అన్నాడు, "అన్నా, ఆ నాజిల్ అంత తేలిగ్గా ఎలా దూరిందన్నా లోపలికి, దూరకపోతే అక్కడే తెలిసిపోయేది కదా" అని.

ఈ లేఖ ఆ ఒక్క మాట కోసమే.

ఎలా దూరిందో మీకూ తెలుసు నాకూ తెలుసు. పెట్రోల్ నాజిల్ గొట్టం బయటి కొలత 21 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, డీజిల్‌ది 25కి దగ్గరగా ఉంటుంది. అంటే డీజిల్ నాజిల్ తీసుకెళ్లి పెట్రోల్ కారులో పెడితే మామూలుగా పట్టదు, పెట్టేవాడికి అక్కడే విషయం అర్థమైపోతుంది. కానీ పెట్రోల్ నాజిల్‌ని డీజిల్ కారులో పెడితే వదులుగా, హాయిగా దిగిపోతుంది. ఎక్కువ దెబ్బ తినేది ఎవరయ్యా అంటే డీజిల్ కారే, గేటు తెరిచి పెట్టింది కూడా దానికే.

ఈ కొలతల తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఇంకా బాధేస్తుంది. 1970ల్లో అమెరికాలో కార్లకి పొగలో విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు పెట్టడం మొదలెట్టినప్పుడు లెడ్, అంటే సీసం, కలిసిన పెట్రోల్ పడితే ఆ కన్వర్టర్ పాడైపోతుందని లెడ్ లేని పెట్రోల్‌కి సన్న నాజిల్, ఆ కార్లకి సన్న మూతి పెట్టారు. తర్వాత 1988లో అన్ని దేశాలకీ ప్రమాణాలు రాసే సంస్థ ఐఎస్‌ఓ వాళ్లు 9158 అని ఒకటి, 9159 అని ఇంకోటి రెండు స్టాండర్డ్స్ రాశారు, మొదటిది లెడ్ లేని పెట్రోల్ నాజిల్‌కి, రెండోది లెడ్ పెట్రోల్‌కీ డీజిల్‌కీ కలిపి. అంటే ఆ రోజు కాపాడాలనుకున్నది కన్వర్టర్‌ని, డీజిల్ కారుని కాదు, డీజిల్ కారు మూతి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆ రోజుల్లో పట్టించుకోవాల్సినంత అవసరం కూడా లేదేమో. కార్లకి లెడ్ పెట్రోల్ అమ్మే చివరి దేశం అల్జీరియా, అక్కడ కూడా 2021లో ఆగిపోయింది. లెడ్ పెట్రోల్ పోయింది, దాని కోసం పుట్టిన కొలతలు మిగిలాయి, మధ్యలో డీజిల్ ఇంజిన్ మొత్తం మారిపోయింది. మూతి మాత్రం చాలా బండ్లలో ఇంకా ఆ పాత మూతే.

పాత డీజిల్ ఇంజిన్లు మొండివి. మెకానికల్ పంపుల రోజుల్లో కొంచెం పెట్రోల్ పడినా దగ్గుకుంటూ నడిచేవి, గడ్డకట్టే చలి ఉండే దేశాల్లో డీజిల్ మైనంలా పేరుకుపోకుండా కాస్త పెట్రోల్ కలుపుకోవచ్చని కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లోనే రాసి ఉండేది. ఆ మాట పెద్ద డ్రైవర్ల నోట్లో ఇంకా తిరుగుతోంది, "ఏం కాదు లేరా, మీద డీజిల్ నింపేసి తోలెయ్" అంటారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ల కాలంలో వాళ్ల బండికి అది నిజమే. కానీ 1997లో కామన్ రైలు, అంటే ఒకే రైలు గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచే పద్ధతి, ప్యాసింజర్ కార్లలోకి వచ్చాక ఆ లెక్క చెల్లదు. మొదట్లోనే 1,350 బార్ ప్రెషర్ ఉండేది, ఇప్పుడు 2,000 మామూలు, 2,500 దాకా పోయే సిస్టమ్‌లు కూడా ఉన్నాయి. కారు టైరులో ఉండే గాలి 2 బార్ చిల్లర అని గుర్తు పెట్టుకుంటే అదెంతో తెలుస్తుంది. అంత ప్రెషర్ తట్టుకోడానికి పంపులో, ఇంజెక్టర్లో కదిలే ముక్కల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) ఉంటుంది, ఆ సందులో వేరే ఆయిల్ ఏమీ ఉండదు, డీజిలే ఆయిల్. పెట్రోల్‌కి ఆ జిడ్డు లేదు, పైగా ఉన్న జిడ్డుని కడిగేస్తుంది. ఇప్పటి డీజిల్లో గంధకం బాగా తీసేస్తున్నారు, అలా తీసేటప్పుడు డీజిల్‌కి సహజంగా ఉన్న జారుడు గుణం కూడా తగ్గిపోతుందని మళ్లీ అడిటివ్‌లు కలిపి నిలబెడుతున్నారు, అంటే ఉన్న జాగ్రత్తే అంతంత మాత్రం, అందులో పెట్రోల్ పడితే ఇనుము మీద ఇనుము రాసుకుని రజను రాలుతుంది.

పోనీ మండుతుందా అంటే సరిగ్గా అదీ లేదు. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తే అందులో డీజిల్ దానంతటదే అంటుకోవాలి. పెట్రోల్‌ని తయారు చేసేదే అలా దానంతటది అంటుకోకూడదని, ఆక్టేన్ నంబర్ అంటే అదే కదా. రెండూ కలిస్తే అంటుకోవాల్సిన టైమ్‌కి అంటుకోక ఆలస్యంగా ఒక్కసారిగా అంటుకుంటుంది, ఆ టకటక శబ్దం అదే.

ఇవన్నీ మీకు పాఠం చెప్పాలని కాదు, మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ ఆ మూతిని అలా వదిలెయ్యడమే నాకు అర్థం కావట్లేదు.

ఎందుకంటే పరిష్కారం కనిపెట్టాల్సిన పని లేదు, ఎప్పుడో కనిపెట్టేశారు. ఫోర్డ్ వాళ్ల మూత లేని ఈజీ ఫ్యూయల్ మూతిలో 2008 నాటికే తప్పు నాజిల్‌ని అడ్డుకునే ఏర్పాటు వచ్చింది, తర్వాత ఇంకొన్ని కంపెనీలు కూడా పెట్టాయి. లోపల స్ప్రింగు రేకు ఒకటి, దానికి అటూ ఇటూ రెండు కొక్కేలు. లావు డీజిల్ నాజిల్ పెడితే రెండు కొక్కేలూ ఒకేసారి పక్కకి జరుగుతాయి, రేకు తెరుచుకుంటుంది. సన్న పెట్రోల్ నాజిల్ పెడితే ఎలా తిప్పినా ఒక్క కొక్కెమే జరుగుతుంది, రేకు కదలదు. కరెంటు అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, అరచేతిలో పట్టే ప్లాస్టిక్కు, రెండు స్ప్రింగులు. నేను విప్పి చూశాను, చెడిపోడానికి కూడా అందులో పెద్దగా ఏం లేదు. ఇది ఖరీదు బండ్లకి ఒక సౌకర్యం లాగానో, ఒక దేశంలో ఇచ్చి ఇంకో దేశంలో అదే మోడల్‌కి తీసేసో కాకుండా ప్రతి డీజిల్ బండికీ ఫ్యాక్టరీలోనే పెట్టండి అని అడుగుతున్నా. సీటు బెల్టుని ఆప్షన్ అని అమ్మరు కదా, ఇది కూడా అలాగే చూడండి.

దీనికి మీ వైపు నుంచి వచ్చే జవాబు కూడా నాకు తెలుసు, మీ సర్వీస్ వాళ్లతో మాట్లాడినప్పుడల్లా వింటున్నదే. అన్ని చోట్లా డీజిల్ నాజిల్ ఒకే కొలతలో ఉండదు, కొన్ని దేశాల్లో కొన్ని పంపుల్లో డీజిల్‌కి కూడా సన్న నాజిల్ వాడతారు, అలాంటి చోట ఈ రేకు పెడితే కస్టమర్ డీజిలే పోయించుకోలేక ఇబ్బంది పడతాడు, రోడ్డు మీద డీజిల్ ఐపోతే డబ్బాతో పోసుకోలేడు, అని. నిజమే, కాదనను. డబ్బా సంగతికి మీలో కొందరు కారుతో పాటే ఒక గరాటు ఇస్తున్నారు, స్పేర్ టైరు దగ్గర పెట్టి, అదే గరాటు సన్న నాజిల్ ఉన్న చోట కూడా పనికొస్తుంది. ఇక పంపుల కొలత అంటారా, అది పంపులు నడిపే ఆయిల్ కంపెనీలతో కూర్చుని తేల్చుకోవాల్సింది మీరే. ఒక్కో కస్టమరూ వెళ్లి వాళ్లతో నాజిల్ కొలత గురించి మాట్లాడలేడు. వాళ్లు మారాక మేం మారతాం అని మీరు, బండ్లు మారాక మేం మారతాం అని వాళ్లు కూర్చుంటే మధ్యలో నా షెడ్డుకి బండ్లు వస్తూనే ఉంటాయి. నాకు ఆ పని వద్దండీ. చేతినిండా వేరే పని ఉంది.

లారీల వాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉందని మీకు గుర్తు చెయ్యాలి. డీజిల్ పొగలో విషవాయువుల్ని తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం, అదే యాడ్‌బ్లూ, దాని నాజిల్ 19 మిల్లీమీటర్లే ఉంటుంది, అది డీజిల్ మూతిలో తేలిగ్గా దూరిపోతుంది కాబట్టి చాలా పెద్ద బండ్లలో యాడ్‌బ్లూ ట్యాంకు మూతి చుట్టూ అయస్కాంతం రింగు పెడతారు, ఆ అయస్కాంతం తగిలితే గానీ నాజిల్లోంచి ద్రావణం రాదు. తప్పు చోట పెడితే చుక్క కూడా పడదు. మనిషి పొరపాటు పడతాడని ముందే ఒప్పుకుని చేసిన పని అది. కార్లలో మాత్రం యాడ్‌బ్లూ మూతి, డీజిల్ మూతి ఒకే డోరు వెనక పక్కపక్కనే పెట్టి నీలం మూత పెట్టాం కదా అంటున్నారు. డీజిల్ ట్యాంకులో యాడ్‌బ్లూ పడిన బండి ఒకటి చేశాను, పంపులో ఉప్పు గడ్డల్లా తెల్లగా కట్టుకుపోయి ఉంది, పెట్రోల్ పడిన బండి కంటే అది ఇంకా ఘోరం.

రంగుల మీద ఆధారపడకండి, దయచేసి. అమెరికాలో పచ్చ పిడి అంటే ఎక్కువ చోట్ల డీజిల్, యూరప్‌లో చాలా చోట్ల పచ్చ అంటే పెట్రోల్, నలుపు డీజిల్. ఒక చోట కాపాడిన రంగే ఇంకో చోట ముంచుతుంది. యూరప్‌లో 2018 అక్టోబర్ నుంచి ఆకారాలు పెట్టారు, పెట్రోల్‌కి గుండ్రం, డీజిల్‌కి చదరం, గ్యాస్‌కి డైమండ్, కొత్త బండి మూతి దగ్గర కూడా అదే ముద్ర, పంపు మీద కూడా అదే ముద్ర. చదువు రాని వాళ్లకి, ఆ భాష రాని వాళ్లకి కూడా అర్థమయ్యే పద్ధతి అది. మిగతా చోట్ల మీరు చేస్తున్నదేంటంటే నల్ల ప్లాస్టిక్ మూత మీద నల్ల అక్షరాలే ఉబ్బెత్తుగా పోత పోస్తున్నారు, రాత్రి పూట అది వేలితో తడిమి చదువుకోవాలి. పైగా ఆ మూత ఎక్కువ బండ్లలో దారానికి వేలాడుతూ కిందకి తిరిగి ఉంటుంది, నాజిల్ పట్టుకున్న మనిషికి కనపడనే కనపడదు. తెల్లటి అక్షరాలతో మూతి చుట్టూ రాయడానికి ఏం కష్టం చెప్పండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైంది, కీ సంగతి. పెట్రోల్ ట్యాంకులో పడితే పడింది, కీ తిప్పకపోతే అది ట్యాంకులోనే ఉంటుంది, తోడేసి, కడిగి, ఫిల్టర్ మార్చి, మంచి డీజిల్ పోసి, లైన్లో గాలి తీసేస్తే బండి నడుచుకుంటూ పోతుంది. కీ ఆన్ చేస్తే చాలా బండ్లలో ట్యాంకులో ఉన్న ఎలక్ట్రిక్ పంపు తిరగడం మొదలెడుతుంది, అక్కడ్నుంచీ ఆ పెట్రోల్ ఇంజిన్ వైపు బయల్దేరినట్టే. స్టార్ట్ చేస్తే ఇక చెప్పక్కర్లేదు. చిన్న బిల్లుకీ పెద్ద బిల్లుకీ మధ్య తేడా ఆ కీ ఒక్కటే, ఆ సంగతి మీ మాన్యువల్‌లో ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. ఎక్కడో నూటయాభయ్యో పేజీ దాటాక, ఇంధనం రకాల టేబుల్ కింద, చిన్న అక్షరాల్లో. తప్పు ఇంధనం పోసుకుని పంపు దగ్గర నిలబడి చెమటలు పడుతున్న మనిషి డ్యాష్‌బోర్డ్ డబ్బా తెరిచి ఆ పేజీ వెతుక్కుంటాడా? ట్యాంకు డోరు లోపలి వైపు పెద్ద అక్షరాల్లో రాయండి, "తప్పు ఇంధనం పోశారా, కీ తిప్పకండి, స్టార్ట్ చెయ్యకండి, తోయించండి" అని. అంతే. ఆ స్టిక్కర్ ఎన్ని ఇంజిన్లు కాపాడుతుందో.

తోయించండి అన్నాను కదా, అందులో కూడా మీరు పెట్టిన చిక్కు ఒకటుంది. మాన్యువల్ గేరు బండి అయితే న్యూట్రల్ చేసి తోసేస్తారు. ఆటోమేటిక్ బండ్లలో ఎక్కువ వాటికి పార్క్‌లోంచి న్యూట్రల్‌కి రావాలంటే ఇగ్నిషన్ ఆన్ చెయ్యాలి, ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ విడవాలన్నా ఆన్ చెయ్యాలి, ఆన్ చేస్తే పంపు తిరుగుతుంది. వెనక క్యూలో బండ్లు హారన్ కొడుతుంటాయి, పంపు వాళ్లు తియ్యండి తియ్యండి అంటుంటారు, పాపం ఆ మనిషి ఏం చెయ్యాలి? గేరు పక్కన చిన్న మూత కింద తాళం విడిపించే మీట కొన్ని బండ్లలో ఉంటుంది, అది ఎక్కడుందో నాకే కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా వెతుక్కోవాల్సి వస్తుంది. ఫ్యూయల్ పంపు తిరగకుండా న్యూట్రల్ చేసుకునే ఏర్పాటు ఒకటి ఇవ్వండి. అన్నీ కంప్యూటర్ మీదే నడుస్తున్న బండిలో ఇది మీకు నాలుగు లైన్ల పని అని నా నమ్మకం.

మీ సర్వీస్ సెంటర్ల గురించి కూడా చెప్పాలి. వారంటీ ఇవ్వరు, సరే, తప్పు ఇంధనం పోస్తే మీ తప్పు కాదంటారు, దాని మీద గొడవ పడను. కానీ కీ కూడా తిప్పని బండికి మొత్తం సిస్టమ్ మార్చాల్సిందే అని ఎస్టిమేట్ రాసివ్వడం నా కళ్లతో చూశాను. అలాగే ఇంకో వైపు, 20 కిలోమీటర్లు నడిచి ఆగిన బండికి ట్యాంకు తోడి ఫిల్టర్ మార్చి పంపించేసిన షెడ్లు కూడా ఉన్నాయి, మా మెకానిక్‌ల తప్పు కూడా దాచను, ఆ బండ్లు కొన్నాళ్లకి ఇంజెక్టర్లు పోయి మళ్లీ వస్తాయి. కీ తిప్పలేదా, తిప్పి ఆపేశారా, స్టార్ట్ చేశారా, నడిపారా, దీన్ని బట్టి ఏం చెయ్యాలో, ఫిల్టర్ కోసి రజను ఉందో లేదో చూసి ఆ ముక్క కస్టమర్‌కి చూపించి మరీ ఏం మార్చాలో ఒక పద్ధతి రాసి అందరికీ తెలిసేలా పెట్టండి, మీ సెంటర్లకే కాదు మా లాంటి వాళ్లకి కూడా. దాచాల్సిన రహస్యం ఏముంది అందులో.

ఆ పద్ధతిలో మంట గురించి తప్పకుండా రాయండి. డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే చాలా దేశాల డీజిల్‌కి 50 డిగ్రీల పైన వేడి కావాలి, పెట్రోల్ ఆవిరి సున్నాకి 40 డిగ్రీలు కిందున్నా అంటుకుంటుంది. రెండూ కలిసిన దాన్ని పెట్రోల్ అనుకునే చూడాలి. డీజిలే కదా అని ఇంటి ముందు ప్లాస్టిక్ బకెట్లోకి తోడేవాళ్లని, పైపు నోట్లో పెట్టి పీల్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అదే నోట్లోకి పోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదకొస్తుంది.

ఇంతకుముందు అమ్మేసిన బండ్ల మాట కూడా ఆలోచించండి. అవి ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి, చేతులు మారతాయి, కొత్తగా కొన్నవాళ్లకి డీజిల్ అలవాటు ఉండదు. పాత మూత తీసి బిగించుకునే రేకు మూతలు బయట వేరే వాళ్లు తయారు చేస్తున్నారు, అదేదో మీరే చేసి, మామూలు సర్వీసింగ్‌కి వచ్చినప్పుడు బిగించి పంపండి. మీకు ఆ ముక్క మీద పెద్దగా ఖర్చవ్వదు.

నేను పోయిన వారం చెప్పిన బండి ఇంకా మా షెడ్డులోనే ఉంది. ట్యాంకు దించి కడిగి ఆరబెట్టాను, పంపు వచ్చింది, ఇంజెక్టర్లు రావాలి. బావమరిది ఒక్క మాట కూడా అనలేదట, అదే ఎక్కువ బాధగా ఉందన్నాడాయన. రోజూ సాయంత్రం వచ్చి చూసి వెళ్తున్నాడు. బండి ఇచ్చే ముందు దాని మూతికి ఆ రేకు నేనే బిగిస్తాను, నా తరఫున, బిల్లులో రాయను. మీ తర్వాతి మోడల్‌కి ఆ పని నాకు మిగల్చకండి.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్